నూరువరహాలపై సంజాయిషీ

నీలాలవలస హైస్కూలుకి ఆ సర్క్యులరు వచ్చిన రోజున హెడ్మాస్టరు తవిటినాయుడు గారు దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, లెక్కల టీచరు హైమావతిని పిలిపించారు.

"ఏమమ్మా, ఇదేదో ఫిబ్రవరి వరుసట. మనం జూలైలో ఉన్నాం కదా, ఇప్పుడెందుకు పంపినట్టు?"

హైమావతి కాగితం అందుకుంది. చదువుతుంటే ఆవిడ ముఖం విప్పారింది. "ఫిబ్రవరి కాదు సార్, ఫిబొనాచ్చి. ఒకటీ ఒకటీ కలిపితే రెండు. ఒకటీ రెండూ మూడు. రెండూ మూడూ అయిదు. అలా ముందున్న రెండు అంకెల్నీ కలుపుకుంటూ పోతే ఎనిమిది, పదమూడు, ఇరవై ఒకటి, ముప్పై నాలుగు... పువ్వుల రేకులు చాలావాటికి ఈ వరుసలోనే ఉంటాయి సార్. పిల్లలకి చూపించమంటున్నారు."

"పువ్వులు లెక్కపెట్టమంటారు. అంతేనా?"

"అంతే సార్."

"ఇంతకుముందు మరుగుదొడ్లు లెక్కపెట్టమన్నారు. దానికన్నా ఇది నయమే," అని తవిటినాయుడు గారు సంతకం పెట్టేశారు. ఆయనకి రిటైర్మెంటు పదకొండు నెలల్లో ఉంది. ఆ పదకొండు నెలలూ ఎవరి కంటా పడకుండా గడిపెయ్యాలన్నది తప్ప ఆయనకి జీవితంలో మరో ఆశయం లేదు. ఫిబొనాచ్చి అన్న మాట మాత్రం ఆయన నోటికి పట్టలేదు. ఆ బళ్ళో అది ఫిబ్రవరి వరుసగానే స్థిరపడిపోయింది.

హైమావతికి పదిహేడేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో తను చెప్పాలనుకున్న పాఠాన్నే ప్రభుత్వం చెప్పమని ఆదేశించడం ఇదే మొదటిసారి. దీనికి కారణం రాజధానిలో ఉన్న ప్రత్యేక కమిషనరు గారని అందరూ చెప్పుకున్నారు. ఏదో చల్లటి ఊళ్ళో జరిగిన శిక్షణలో ఆయనకి పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ తెరమీద చూపించి, గింజల చుట్లు లెక్కపెట్టి వినిపించారట. అప్పట్నించీ ఆయన భోజనానికి కూర్చున్నా విస్తట్లో మెతుకుల చుట్లే వెతుకుతున్నారట. కారణం ఏదైతేనేం అనుకుంది హైమావతి. మర్నాడు ఎనిమిదో తరగతిని బయటికి తీసుకెళ్ళింది.

మందారం అయిదు. గన్నేరు అయిదు. నందివర్ధనం అయిదు. బిళ్ళగన్నేరు అయిదు. పిల్లలు ఒక్కో పువ్వూ తెచ్చి "అయిదు టీచర్! ఇదీ అయిదే టీచర్!" అని అరుస్తుంటే, దారినపోయే జనం గోడమీంచి తొంగిచూశారు. ఇరవై రెండు మంది పిల్లలూ లెక్కల పీరియడ్లో నవ్వడం ఆ బడి ఎరగదు.

అందరికన్నా ఆఖర్న ఢిల్లేశ్వరి వచ్చింది. ఆ పిల్ల జూన్ నెలాఖర్లో చేరింది. ఒకరు చెప్పింది చెప్పినట్టు నమ్మే రకం కాదు. అరచేతిలో చిన్న ఎర్ర పువ్వు ఉంది.

"టీచర్, ఇది నాలుగండి."

అది నూరువరహాల పువ్వు. బడి ముందుగోడ పొడుగునా, నలభై అడుగుల మేర ఆ మొక్కలే కంచెలా పెరిగి ఉన్నాయి. ఒక్కో గుత్తికి యాభై అరవై చిన్న పువ్వులు. ప్రతి పువ్వుకీ నాలుగే రేకులు.

"మంచిదే పట్టుకొచ్చావే!" అంది హైమావతి. "ఆవ పువ్వు కూడా నాలుగే. ఆ వరుస చాలా చోట్ల ఉంటుంది గానీ అంతటా ఉండదు. ఉన్నచోట చూసి ఆశ్చర్యపోవాలి. లేనిచోట ఎందుకు లేదో ఆలోచించాలి."

చక్కటి మాట. సర్క్యులర్లో మాత్రం అది లేదు.

లెక్కపెట్టిన పువ్వులన్నీ ఫోన్లో 'పుష్పగణితం' అనే యాప్‌లోకి ఎక్కించాలి. రేకుల సంఖ్య అన్న గడి నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు, అలా. మూడుకీ అయిదుకీ మధ్య ఏమీ లేదు. గడి ఖాళీగా వదిలేస్తే, తక్కిన పువ్వుల్ని కూడా తీసుకోదు. హైమావతి సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"మేడమ్, నాలుగు లేదండి," అన్నాడు అవతలి అబ్బాయి.

"ఉంది బాబూ. నా చేతిలో ఉంది."

"మీ చేతిలో ఉండొచ్చండి. సిస్టమ్‌లో లేదు."

"మరి ఈ పువ్వుని ఏం చెయ్యమంటారు?"

"ఇంకోసారి లెక్కపెట్టండి మేడమ్."

"నాలుగుసార్లు లెక్కపెట్టాం."

"అదేనండి పొరపాటు. మూడుసార్లు గానీ అయిదుసార్లు గానీ లెక్కపెట్టాల్సింది."

మూడని వేసేస్తే గొడవ వదిలిపోయేది. హైమావతి వెయ్యలేకపోయింది. పిల్లల ముందు నాలుగని ఒప్పుకుని, వెనక్కి తిరిగి మూడని రాయడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. పైకి ఒక ఉత్తరం రాసింది: మా బళ్ళో నాలుగు రేకుల పువ్వులున్నాయి, జాబితాలో నాలుగు చేర్చవలసిందిగా కోరుతున్నాను.

పన్నెండు రోజులకి జవాబొచ్చింది. దాన్ని తవిటినాయుడు గారు పైకి చదివారు.

"విషయం: పాఠశాల ప్రాంగణమునందు నాలుగు రేకుల పుష్పములను అనుమతి లేకుండా పెంచుట – సంజాయిషీ కోరుట – గురించి. పై విషయమును పురస్కరించుకుని తెలియజేయునదేమనగా, సదరు పుష్పములు నిర్దేశిత వరుసకు విరుద్ధముగా ఎన్ని సంవత్సరముల నుండి పూయుచున్నవి, వాటిని నివారించుటకు తీసుకున్న చర్యలేవి, ఇందుకు బాధ్యులెవరు అను వివరములను మూడు దినములలో..."

"నాలుగు దినాలు ఇవ్వరులెండి," అంది హైమావతి.

"నీకు నవ్వులాటగా ఉందమ్మా. నా సర్వీసు రిజిస్టర్లో ఇప్పటిదాకా ఒక్క ఎర్ర గీత లేదు," అన్నారు తవిటినాయుడు గారు.

మూడోరోజున మండల విద్యాశాఖాధికారి సదాశివమూర్తి గారు తనిఖీకి వచ్చారు. జీపు దిగి నేరుగా గోడ దగ్గరికి నడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, మొక్కల్ని ఈ కొసనించి ఆ కొసకి ఎగాదిగా చూశారు. ఒక పువ్వు కోసి లెక్కపెట్టి, జేబులోంచి భూతద్దం తీసి మళ్ళీ లెక్కపెట్టారు.

"చూడండి మాస్టారూ," అన్నారు చివరికి. "ప్రకృతి అనేది క్రమశిక్షణ కలిగిన ఒక శాఖ. దాని మార్గదర్శకాలు దానికున్నాయి. ఈ మొక్క వాటిని అతిక్రమించింది. మొక్క అజ్ఞాని, దాన్ని వదిలేద్దాం. బాధ్యత వహించవలసింది పాఠశాల."

"నాటింది నేను కాదు సార్. నాటినాయన పదేళ్ళ కిందటే బదిలీ అయిపోయారు సార్."

"పూస్తున్నది మీ హయాంలో కదా?"

తవిటినాయుడు గారు హైమావతికేసి చూశారు.

"సార్, నూరువరహాలకి ఎక్కడైనా నాలుగు రేకులే ఉంటాయి," అంది హైమావతి.

"ఎక్కడైనా అన్న సమాచారం మన పరిధిలోనిది కాదమ్మా. మన మండలంలో మీరొక్కరే ఫిర్యాదు చేశారు. అంటే తక్కిన బళ్ళలో లేనట్టే."

మొక్కలు నరికేస్తామన్నారు తవిటినాయుడు గారు. అది కుదరదట. పచ్చదనం పథకం కింద ఆ కంచె లెక్కల్లో ఉంది, ఒక్క కొమ్మ తగ్గినా నేరం. ఉంచితే తప్పు, తీస్తే తప్పు. అప్పుడు సదాశివమూర్తి గారు పువ్వు ఒకటి తీసుకుని, అందులోంచి ఒక రేక సుతారంగా తుంచి, మిగిలినదాన్ని ఎత్తి చూపించారు.

"ఇప్పుడెన్ని?"

"మూడు సార్!" అన్నారు తవిటినాయుడు గారు, చచ్చి బతికినట్టు.

"దీన్నే దిద్దుబాటు చర్య అంటారు."

మర్నాటి నించి బడంతా గోడ దగ్గరే ఉంది. ఆరో తరగతికి కింది వరుసలు, పదో తరగతికి పై కొమ్మలు. ఒక్కో పువ్వుకీ ఒక్కో రేక తుంచడం. మూడు రోజుల్లో కంచె మొత్తం మూడు రేకులకి దిగింది. గోడ కింద ఎర్రటి రేకులు చీపురుతో ఊడ్చేటంత పడ్డాయి. ఫోటో తీసి యాప్‌లో పెడితే ఆకుపచ్చ టిక్కు వచ్చింది. తవిటినాయుడు గారు ఆవేళ పకోడీలు తెప్పించారు.

తెల్లారి చూస్తే మళ్ళీ వేల మొగ్గలు విచ్చుకుని ఉన్నాయి. అన్నీ నాలుగే.

"ఎవరు పుయ్యమన్నారు వీటిని!" అని ఆయన నెత్తి కొట్టుకున్నారు. వేరే దారిలేక టైంటేబుల్ మార్చారు. రోజూ మొదటి పీరియడు రేకుల పీరియడ్. దానికోసం తియ్యడానికి దొరికింది లెక్కల పీరియడే.

హైమావతి గోడ దగ్గర నిలబడి పిల్లల చేత రేకులు తుంచిస్తుంటే, ఢిల్లేశ్వరి పుస్తకం పట్టుకుని వచ్చింది. "టీచర్, తుంచిన రేక ఎక్కడ రాయాలండి?"

"రాయక్కర్లేదమ్మా."

ఆ పిల్ల రాసే ఉంచింది. పరిశీలన పుస్తకంలో, నూరువరహాలు అన్న మాట కింద: "పూసినవి నాలుగు. మేము ఉంచినవి మూడు." హైమావతి ఎర్ర పెన్ను తీసి చాలాసేపు పట్టుకుని, చివరికి పక్కన 'చాలా బాగు' అని రాసింది.

ఈలోగా పైన ఉత్సాహం పెరిగింది. పువ్వుల తర్వాత జంతువులొచ్చాయి. ఆవు కాళ్ళ దగ్గర రాష్ట్రమంతా చిక్కుపడింది. పదిరోజుల చర్చ తర్వాత ఒక మెమో వచ్చింది: "గణన నిమిత్తం మాత్రమే, పశువుల తోకను కాలుగా పరిగణించవలెను." అలా ఆవు అయిదు అయింది. మేక, కుక్క, పిల్లి కూడా అయిదయ్యాయి. తోక తెగిన కుక్కల జాబితా వేరే పంపమన్నారు.

అంతటితో ఆగితే కథ నవ్వుతోనే పోయేది. సెప్టెంబరు మొదటి వారంలో మూడో సర్క్యులరు వచ్చింది. "విద్యార్థులు కూడా ప్రకృతిలో అంతర్భాగమే అయినందున, ప్రతి తరగతి గది యందలి విద్యార్థుల సంఖ్య నిర్దేశిత వరుసలోనే ఉండవలెను. అధికముగా ఉన్నవారిని కొరతగా ఉన్న సమీప పాఠశాలకు సర్దుబాటు చేయవలెను."

నీలాలవలసలో ఆరోతరగతి అదృష్టం కొద్దీ ముప్పై నాలుగు. తక్కినవి కూడా ఎలాగో సరిపోయాయి. ఎనిమిదో తరగతి ఇరవై రెండు. ఒకరు ఎక్కువ. దిబ్బవలస బళ్ళో ఎనిమిదో తరగతి పన్నెండు. ఒకరు తక్కువ.

"ఆఖర్న చేరినవాళ్ళని పంపడం న్యాయం," అన్నారు తవిటినాయుడు గారు, రిజిస్టరు చూస్తూ, హైమావతి ముఖం చూడకుండా. ఆఖర్న చేరింది ఢిల్లేశ్వరి.

సాయంత్రం ఢిల్లేశ్వరి తల్లి రాములమ్మ బడికి వచ్చింది. జీడిపప్పు బట్టీలో పిక్కలు కొడుతుంది. ఆ జీడి అంటుకుని వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి. వాటిని చీర కొంగులో దాచుకుని నిలబడింది.

"ఏటి టీచరమ్మా, మా పిల్ల ఎక్కువైపోనాదా?"

హైమావతి కూర్చోమని బెంచీ చూపించింది.

"పరీచ్చ తప్పిందా?"

"లేదు రాములమ్మా. క్లాసులో మొదటిది."

"అల్లరి చేసిందా?"

"లేదు."

"మరేటి తప్పు చేసింది?"

"ఇరవై రెండోది అయింది," అంది హైమావతి. తన గొంతు తనకే అధికారి గొంతులా వినిపించింది.

రాములమ్మ కాసేపు ఆ మాటని అర్థం చేసుకోడానికి ప్రయత్నించి వదిలేసింది. "దిబ్బవలసంటే ఎనిమిది కిలోమీటర్లు. మజ్జిన గెడ్డ ఉంది. వాన పడితే ఆ గెడ్డ ఎవులు దాటిస్తారమ్మా? నేను పంపలేను. సోమారం నించి నాతోపాటు పిక్కల కాడికి తీసుకుపోతాను," అని వెళ్ళిపోయింది. కోపంగా కూడా అనలేదు. అదే హైమావతికి భరించడం కష్టమైంది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి పోయాక హైమావతి తరగతి గదిలోనే కూర్చుంది. బోర్డు మీద 22 అని రాసి దాన్ని చూస్తూ ఉంది. కంచం కడుక్కుని వచ్చిన ఢిల్లేశ్వరి గుమ్మంలో ఆగింది.

"టీచర్, ఒకటి అడగొచ్చాండి?"

"అడుగు."

"ఇరవై ఒకటి ఆ వరుసలో ఉంది కదండి?"

"ఉంది."

"ఒకటి కూడా ఉంది కదండి?"

"మొదటిదే అది."

"మరైతే వాళ్ళు ఇరవై ఒకటీ ఒక క్లాసు. నేనొక్కదాన్నీ ఒక క్లాసు. నేను ఆ ఒకటిని అవచ్చు కదండి?"

హైమావతి ఆ పిల్లకేసి చూసింది. తర్వాత లేచి బోర్డు దగ్గరికి నడిచింది. పద్దెనిమిదంటే పదమూడూ అయిదూ. ముప్పై తొమ్మిదంటే ముప్పై నాలుగూ అయిదూ. కాలేజీలో ఎప్పుడో చదువుకుంది: ఎంత సంఖ్యైనా సరే, ఆ వరుసలోని సంఖ్యల కూడికగా విడగొట్టొచ్చు. విడగొట్టలేని సంఖ్య లేనే లేదు. పదమూడేళ్ళ పిల్ల అవసరం కొద్దీ దాని గుమ్మం దాకా నడిచి వచ్చింది.

"కానీ టీచర్," అంది ఢిల్లేశ్వరి బోర్డు చూస్తూ, "అన్ని అంకెలూ ఇలా కుదిరిపోతే, ఇంక వాళ్ళ రూలుకి అర్థమేంటండి?"

"ఆ ప్రశ్న సదాశివమూర్తి గారి దగ్గర మాత్రం అడక్కు తల్లీ," అని హైమావతి గొడుగు తీసుకుని బస్సెక్కింది.

మండలాఫీసులో సదాశివమూర్తి గారి బల్ల మీద ఫైళ్ళు గడ్డిమేటులా ఉన్నాయి. మండలంలో ముప్పై ఒక్క బళ్ళు వరుసకి అందలేదట. ఆయన కళ్ళు గుంటలు పడ్డాయి. భూతద్దం కూడా ఎక్కడో పారేసుకున్నారు.

"పిల్లని ఆపడానికి వచ్చారా? అసాధ్యం. నాకు అధికారం లేదు."

"ఆపడానికి కాదు సార్. నిబంధన పాటించడానికి వచ్చాను. ఎనిమిది ఎ సెక్షను ఇరవై ఒకటి. ఎనిమిది బి సెక్షను ఒకటి. రెండూ వరుసలోవే."

సదాశివమూర్తి గారు పెన్ను కింద పెట్టారు. "ఒక్క విద్యార్థితో సెక్షనా?"

"కనీసం ఇంతమంది ఉండాలని సర్క్యులర్లో లేదు సార్. ఒకటి జాబితాలో మొట్టమొదటిది. దాన్ని కాదంటే కమిషనరు గారి వరుసనే కాదన్నట్టవుతుంది."

ఆయన ఉలిక్కిపడ్డారు. గబగబా ఒక ఫైలు లాగి, "నలభై ఏడు?" అన్నారు.

"ముప్పై నాలుగూ, పదమూడూ."

"ఇరవై తొమ్మిది?"

"ఇరవై ఒకటీ, ఎనిమిదీ."

"నూరు?"

"ఎనభై తొమ్మిదీ, ఎనిమిదీ, మూడూ."

ఆయన ఫైలు మీద ఫైలు లాగారు. ముప్పై ఒక్క బళ్ళూ అయిపోయేసరికి ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. "అమ్మా, ఆ నాలుగు రేకుల పువ్వు?"

"మూడూ ఒకటీ సార్. యాప్‌లో రెండు గడుల్లో వేసుకుంటాం. తుంచక్కర్లేదు."

సదాశివమూర్తి గారు లేచి నిలబడ్డారు. "ఇదే... ఇదే నేను మొదట్నించీ ఆలోచిస్తున్నది," అన్నారు. ఆ వారంలోనే 'సంఖ్యా విభజన సర్దుబాటు విధానం' అన్న పేరుతో ఆయన సంతకంతో ఒక నివేదిక పైకి వెళ్ళింది. రాష్ట్రమంతా దాన్ని అమలు చెయ్యాలని ఉత్తర్వులొచ్చాయి. ఆయనకి శాలువా కప్పారు. హైమావతికి శాలువా అక్కర్లేదు. రేకుల పీరియడ్ పోయి లెక్కల పీరియడ్ వచ్చింది. అన్నిటికన్నా ముందు, ఆ సోమవారమే ఢిల్లేశ్వరి పిక్కల బట్టీకి పోకుండా బడికి వచ్చింది. ఆవిడకి కావలసింది అంతే.

బి సెక్షను మాత్రం పేరుకే పుట్టి ఊరుకోలేదు. దానికి వేరే హాజరుపట్టీ, వేరే గంట, వేరే ప్రశ్నపత్రాల కట్ట వచ్చాయి. గది లేదు కనక ఎ సెక్షను గదిలోనే ఒక బెంచీ పక్కకి జరిపి, మధ్యలో సుద్దముక్కతో గీత గీశారు. తరగతి నాయకుడి ఎన్నిక జరపమని ఆదేశం వచ్చింది. నామినేషను వేసింది, బలపరిచింది, గెలిచింది ఢిల్లేశ్వరే. అక్టోబర్లో ఆ పిల్లకి జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే, బి సెక్షన్లో హాజరు సున్నా శాతానికి పడిపోవడానికి కారణాలేమిటని మెమో వచ్చింది. తవిటినాయుడు గారు ఇప్పుడు మెమోలకి బెదరడం మానేశారు. "మొత్తం తరగతికి జ్వరం వచ్చినది," అని రాసి పంపారు. అది అబద్ధం కాదు కదా అని హైమావతితో చెప్పి, చాలా కాలానికి మనసారా నవ్వారు.

నవంబర్లో ప్రత్యేక కమిషనరు గారికి చేపల శాఖకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయనకి లెక్కలంటే పడదట. యాప్ ఆగిపోయింది. వరుస గురించి అడిగేవాళ్ళు లేరు. కానీ తెరిచిన సెక్షను మూయాలంటే పదమూడు సంతకాలు కావాలి కనక, ఎవరూ ఆ జోలికి పోలేదు. పైగా ప్రతి సెక్షనుకీ ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్న పాత నిబంధన ఒకటి ఎవరి కంటనో పడింది.

ఆ బళ్ళో సైన్సు టీచరు పోస్టు ఖాళీ పడి మూడేళ్ళు. ఊరంతా వేలిముద్రలు వేసి అర్జీలు పెట్టినా రాలేదు. ఇప్పుడు బి సెక్షను కోసం సైన్సు చెప్పే లోవరాజు అనే కుర్రాడికి పోస్టింగు ఇచ్చారు.

డిసెంబరు మొదటి సోమవారం పొద్దున్నే లోవరాజు బస్సు దిగి, ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. అది అతని మొదటి ఉద్యోగం. రాత్రంతా పాఠం వల్లెవేసుకున్నట్టు ముఖమే చెబుతోంది. హైమావతి అతన్ని ఎనిమిదో తరగతి దాకా తీసుకెళ్ళి, సుద్దగీతకి అవతల ఉన్న బెంచీ చూపించి, తలుపు దగ్గర నిలబడింది.

లోవరాజు హాజరుపట్టీ తెరిచి, గొంతు సవరించుకుని, ఉత్తర్వుల్లో ఉన్నట్టే అడిగాడు: "ఎనిమిది బి. క్లాసంతా వచ్చారా?"

ఢిల్లేశ్వరి లేచి నిలబడింది.

"వచ్చానండి."